బుకిట్ తిమా స్టేషన్: రైలు రాని ప్లాట్‌ఫారం

సింగపూరులో మా ఇంటికి కొంచెం దూరంలో ఒక రైల్వే స్టేషనుంది. రైళ్ళు రావు. ఆదివారం పొద్దున అటు వెళితే పరుగులు తీసేవాళ్ళు, సైకిళ్ళ వాళ్ళు, పెళ్ళి ఫొటోలు తీయించుకునే జంటలు కనిపిస్తారు. చిన్న ఇటుకల కట్టడం, పెంకుల కప్పు, ముందు కొన్ని గజాల పట్టాలు, వాటి మధ్య కంకర, ఆ పక్కనే రోడ్డు మీదుగా ఒక ఇనుప వంతెన. దాని పేరు బుకిట్ తిమా. మలయ్ భాషలో బుకిట్ అంటే కొండ, తిమా అంటే తగరం. తగరపు కొండ అన్నమాట. కానీ ఆ కొండలో మనుషులు తవ్వి తీసింది గ్రానైటు రాయి.

ఈ స్టేషను గురించి రాయాలని పదేళ్ళుగా అనుకుంటున్నాను. రాయలేకపోవడానికి కారణం చివర్లో చెబుతాను. ముందు చరిత్ర.

సింగపూరులో మొదటి రైలు 1903 జనవరి 1న నడిచింది. ఊరి మధ్యలో ట్యాంక్ రోడ్ దగ్గర బయలుదేరి బుకిట్ తిమా దాకా వచ్చేది. ఆ ఏప్రిల్‌లో లైను ద్వీపం ఉత్తరపు కొసన ఉన్న వుడ్‌లాండ్స్ దాకా సాగింది. అక్కడితో నేల అయిపోతుంది. అవతల జొహోర్, మధ్యలో సన్నని జలసంధి. ప్రయాణికులు పడవెక్కి అవతలి ఒడ్డున మళ్ళీ రైలెక్కేవారు. సరుకు కూడా అంతే, దించడం, ఎక్కించడం. ఈ తలనొప్పి తీర్చడానికే సముద్రంలో రాళ్ళు పోసి కాజ్‌వే కట్టారు. 1923 సెప్టెంబరులో దాని మీద గూడ్సు బళ్ళు, అక్టోబరులో ప్రయాణికుల బళ్ళు నడిచాయి. 1924 జూన్ 28న ఆర్భాటంగా ప్రారంభోత్సవం జరిగింది. జొహోర్ సుల్తాను ఇబ్రహీం హాజరయ్యారు. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

అంతకుముందే ఇంకో సంగతి జరిగింది. 1918లో ఒక చట్టం చేసి సింగపూరులోని రైల్వేనీ, దాని కింద ఉన్న భూమినీ మలయా సమాఖ్య రాష్ట్రాల ప్రభుత్వానికి అప్పగించారు. కొంత భూమి 999 ఏళ్ళ లీజు మీద. అప్పట్లో అటూ ఇటూ ఉన్నది ఒకే తెల్లదొరల పాలన. ఎడమ జేబులోది కుడి జేబులో వేసుకున్నట్టు. ఆ కాగితం మీద సంతకం చేసినవాళ్ళెవరికీ ఈ రెండు జేబులూ ఒకనాడు ఇద్దరు వేర్వేరు మనుషులవి అవుతాయని తోచి ఉండదు.

పాత లైను ఊరి రోడ్లను అడ్డంగా కోసుకుంటూ పోయేది. మోటారు కార్లు పెరిగేకొద్దీ గేట్ల దగ్గర బారులు పెరిగాయి. అందుకని లైనును పడమరకు మళ్ళించి, రోడ్లు తగిలినచోట వంతెనలు కట్టి, రేవు పక్కనే తంజోంగ్ పగార్ దగ్గర పెద్ద స్టేషను కట్టారు. అది 1932లో తెరుచుకుంది. ఇప్పుడు మనం చూసే బుకిట్ తిమా స్టేషను ఆ మళ్ళింపులో భాగంగా పుట్టినదే. పెద్ద స్టేషనుకి పాలరాతి శిల్పాలు, ఎత్తైన గోపురపు కప్పు. దీనికి ఒక గది, ఒక వరండా, ఒక లూప్ లైను. మరుసటి ఏడు గుర్రప్పందేల మైదానం బుకిట్ తిమాకి మారింది. పందెపు గుర్రాలు రైల్లో వచ్చి ఈ స్టేషనులోనే దిగేవట. మనుషుల కంటే గుర్రాలకే ఎక్కువ పనికొచ్చిన స్టేషను అని మా ఆవిడ నవ్వుతుంది.

తర్వాత యుద్ధం. 1942 జనవరి 31న వెనక్కి తగ్గుతున్న సైన్యం కాజ్‌వేని పేల్చేసింది. ఫిబ్రవరి 11 నాటికి బుకిట్ తిమా జపాను వాళ్ళ చేతికి చిక్కింది. సరుకు గిడ్డంగులన్నీ ఈ చుట్టుపక్కలే ఉండేవి కాబట్టి దెబ్బ మామూలుది కాదు. ఇక్కడికి దగ్గర్లోనే, ఎగువ బుకిట్ తిమా రోడ్డు మీద, ఫోర్డు కార్ల కర్మాగారంలో ఫిబ్రవరి 15న లొంగుబాటు కాగితం మీద సంతకాలయ్యాయి. ఆ భవనం ఇప్పుడు మ్యూజియం.

ఆ జూన్ నుంచి ఇదే లైను మీద యుద్ధ ఖైదీలను గూడ్సు పెట్టెల్లో కుక్కి ఉత్తరానికి పంపారు. ఇనుప పెట్టెలు, పగలు కాలిపోయేవి, రాత్రి చల్లబడేవి. దాదాపు ఐదు రోజుల ప్రయాణం, సయాంలోని బాన్ పోంగ్ దాకా. అక్కడి నుంచి బర్మాకి 415 కిలోమీటర్ల రైలు మార్గం వేయించారు. పన్నెండు వేల మందికి పైగా ఖైదీలు చనిపోయారు. వారికి సమాధులున్నాయి, పేర్లున్నాయి. కానీ ఆ పనిలో చనిపోయిన ఆసియా కూలీలు అంతకు ఎన్నో రెట్లు. మలయా రబ్బరు తోటల నుంచి పట్టుకుపోయిన వాళ్ళలో తమిళులతో పాటు మన తెలుగువాళ్ళూ ఉన్నారు. వాళ్ళలో ఎక్కువమందికి పేరు చెక్కిన రాయి లేదు.

ఆ మార్గానికి కావలసిన పట్టాల కోసం మలయా తూర్పు తీరపు లైనును పీకేశారు. ఇది చదివినప్పుడు నాకు కోటిపల్లి గుర్తొచ్చింది. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో వేసిన లైనును 1940లో ఇంగ్లీషువాళ్ళు యుద్ధం కోసమే పీకి పట్టుకుపోయారు. మళ్ళీ అక్కడ రైలు కూత వినపడింది 2004లో. ఒక యుద్ధం, రెండు పక్షాలు, ఇద్దరికీ కావలసింది ఇనుమే. కోనసీమ అంచున ఒకరు పీకితే, మలయాలో ఇంకొకరు పీకారు.

యుద్ధం అయింది. మలయాకి స్వాతంత్ర్యం వచ్చింది. సింగపూరు మలేషియాలో కలిసింది, 1965 ఆగస్టు 9న విడిపోయింది. ఇక్కడే 1918 నాటి కాగితానికి ప్రాణం వచ్చింది. సింగపూరు కొత్త దేశమైంది కానీ ఆ దేశం నడిబొడ్డున, రేవు నుంచి కాజ్‌వే దాకా, ఒక సన్నని భూమి చీలిక మలేషియా రైల్వే చేతిలో ఉండిపోయింది. తంజోంగ్ పగార్ స్టేషను లోపల పనిచేసేది మలేషియా రైల్వే ఉద్యోగులు. చుట్టూ ఆకాశాన్నంటే భవనాలు లేస్తుంటే పట్టాల పక్కన మాత్రం అరటి చెట్లు, గడ్డి, కోళ్ళు. ఆ చీలిక మీద ఎవరూ ఏమీ కట్టలేకపోయారు కాబట్టే అది పచ్చగా మిగిలింది.

1990 నవంబరు 27న రెండు దేశాల మధ్య ఒక ఒప్పందం మీద సంతకాలయ్యాయి. సింగపూరు తరఫున ప్రధాని లీ క్వాన్ యూ, మలేషియా తరఫున ఆర్థిక మంత్రి దైమ్ జైనుద్దీన్. దాని ప్రకారం రైల్వే తంజోంగ్ పగార్ ఖాళీ చేసి ముందు బుకిట్ తిమాకి, ఆ తర్వాత వుడ్‌లాండ్స్‌కి వెళ్ళాలి. అంటే, ఆ కాగితం నడిచి ఉంటే, ఒక గది, ఒక వరండా ఉన్న ఈ చిన్న స్టేషను కొన్నాళ్ళయినా ఒక దేశపు చివరి స్టేషను అయి ఉండేది. నడవలేదు. ఎప్పుడు ఖాళీ చేయాలి, బదులుగా ఏ భూములివ్వాలి, బుకిట్ తిమాలో ఇంకొన్ని స్థలాలు లెక్కలోకి వస్తాయా రావా అని ఇరవై ఏళ్ళు వాదించుకున్నారు.

ఈలోగా ఒక విచిత్రం జరిగింది. 1998 ఆగస్టు 1 నుంచి సింగపూరు తన పాస్‌పోర్టు తనిఖీని వుడ్‌లాండ్స్‌కి మార్చింది. మలేషియా తనిఖీ మాత్రం తంజోంగ్ పగార్‌లోనే ఉండిపోయింది. కౌలాలంపూర్ వెళ్ళేటప్పుడు మేము ముందు మలేషియాలో ప్రవేశించినట్టు లెక్క, రైలెక్కి అరగంట పైగా సింగపూరు లోపలే ప్రయాణం చేశాక సింగపూరు వదిలినట్టు లెక్క. పుట్టింటి నుంచి బయలుదేరకముందే అత్తగారింట్లో కాలు పెట్టినట్టు. టిక్కెట్ల సంగతి ఇంకో తమాషా. ఇక్కడ కొన్నా, జొహోర్‌లో కొన్నా టిక్కెట్టు మీద అంకె ఒకటే. ఇక్కడ డాలర్లు, అక్కడ రింగిట్లు. డాలరు విలువ రెట్టింపుకి పైగా ఉన్న రోజులు. అందుకని తెలిసినవాళ్ళు బస్సులో కాజ్‌వే దాటి, జొహోర్‌లో రైలెక్కేవారు.

చివరికి 2010 మే 24న ఇద్దరు ప్రధానులు, లీ సియన్ లూంగ్, నజీబ్ రజాక్, ఒక మాట మీదకొచ్చారు. ఆరు రైల్వే స్థలాలకు బదులుగా మరీనా సౌత్‌లో నాలుగు, ఓఫిర్-రోచోర్‌లో రెండు స్థలాలు. అవి మలేషియా 60, సింగపూరు 40 పాళ్ళ ఉమ్మడి సంస్థ చేతికి. 2011 జులై 1 నుంచి రైళ్ళు వుడ్‌లాండ్స్‌లోనే ఆగిపోవాలి.

ఆ డిసెంబరులో మా నాన్నగారు మొదటిసారీ చివరిసారీ సింగపూరు వచ్చారు. ఆయన మీటర్ గేజ్ లైను మీద స్టేషను మాస్టరుగా పనిచేసి రిటైరయ్యారు. చివరి పదేళ్ళూ ఒక చిన్న స్టేషనులో. ఊరి పేరు చెప్పినా మీకు తెలియదు, ఆ స్టేషను ఇప్పుడు లేదు కూడా. సెంటోసా చూపించాను, జూ చూపించాను. "బాగుందిరా" అన్నారు, అంతే. ఒక సాయంత్రం ఏమీ తోచక బుకిట్ తిమా స్టేషనుకి తీసుకెళ్ళాను. ఏడేళ్ళుగా దానికి అంత దగ్గర్లో ఉన్నా నేనూ లోపలికి వెళ్ళడం అదే మొదలు.

ప్లాట్‌ఫారం మీద అడుగుపెట్టగానే ఆయన నడక మారిపోయింది. ముందు లీవర్ల వరస చూశారు. ఆ తర్వాత గదిలో ఉన్న ఎర్రటి యంత్రం చూసి ఆగిపోయారు. "ఒరేయ్, ఇది టోకెన్ మిషన్‌రా. ఇంకా వాడుతున్నారా?"

నాకు అర్థం కాలేదు. అప్పుడు వివరంగా చెప్పారు. ఒకే లైను మీద అటూ ఇటూ బళ్ళు నడవాలి. ఎదురెదురుగా రెండు బళ్ళు వస్తే? రాకుండా ఉండటానికే ఈ యంత్రం. సెక్షనుకి ఈ కొసన ఒకటి, ఆ కొసన ఒకటి, రెండింటికీ కరెంటు తీగతో లంకె. ఈ స్టేషను మాస్టరు గంట కొట్టి అడుగుతాడు, ఆ స్టేషను మాస్టరు ఒప్పుకొని మీట నొక్కితేనే ఇక్కడ టోకెను బయటికొస్తుంది. ఒకటి బయట ఉన్నంతసేపూ ఏ యంత్రంలోంచీ ఇంకోటి రాదు. ఆ టోకెను చేతిలో ఉంటేనే డ్రైవరు బండి కదపాలి. అవతల దాన్ని యంత్రంలో పెట్టాకే మళ్ళీ లైను క్లియరు. "మా దగ్గర బంతుల్లాగా ఉండేవి. ఇక్కడ తాళంచెవిలా ఉంది. పని ఒకటే," అన్నారు.

కాసేపటికి బండి వచ్చింది. స్టేషను మాస్టరు పెద్ద వలయానికి తగిలించిన తోలుసంచి పట్టుకొని ప్లాట్‌ఫారం అంచున నిలబడ్డాడు. బండి నెమ్మదించింది, ఆగలేదు. ఇంజనులోంచి ఒక వలయం కింద పడింది, ఆయన చేతిలోది పైకి పోయింది. మా నాన్నగారి కుడిచెయ్యి, ఆయనకు తెలియకుండానే, కొంచెం పైకి లేచి దిగింది.

ఆ స్టేషను మాస్టరుకి తెలుగు రాదు, మా నాన్నగారికి మలయ్ రాదు. ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషు నాలుగు ముక్కలు. అయినా అరగంట మాట్లాడుకున్నారు. లైను క్లియరు, డౌను బండి, లేటు, నైట్ డ్యూటీ, పాము. ఈ మాటలే వినిపించాయి నాకు. వెళ్ళేటప్పుడు ఆయన మా నాన్నగారి రెండు చేతులూ పట్టుకున్నాడు.

తిరిగి వస్తూ దారిలో నాన్నగారు అడిగారు. "మూసేస్తారటగా. ఈ బిల్డింగు ఉంచుతారా?"

"తెలియదు నాన్నగారూ. ఉంచాలని ఇక్కడివాళ్ళు అడుగుతున్నారు."

"ఉంచుతారులే. వీళ్ళు ఉంచుతారు. మనదే, ఒక్క ఫొటో కూడా తీయలేదురా."

ఆయన మాట నిజమైంది. 2011 మే నెలలో బుకిట్ తిమా స్టేషనుని పరిరక్షించాల్సిన కట్టడంగా ప్రకటించారు. తంజోంగ్ పగార్‌ని అంతకు నెల ముందే జాతీయ స్మారకం చేశారు. జూన్ నెలంతా జనం. అప్పటిదాకా ఆ రైలెక్కని వాళ్ళు కూడా కెమెరాలతో పట్టాల పక్కన నిలబడ్డారు. వాళ్ళలో నేనూ ఉన్నాను, ఎవరినీ అనడానికి లేదు. జూన్ 30 రాత్రి చివరి బండిని జొహోర్ సుల్తాను ఇబ్రహీం స్వయంగా నడిపించారు. కాజ్‌వే ప్రారంభానికి వచ్చిన సుల్తాను ఇబ్రహీంకి ఈయన మునిమనుమడు. బుకిట్ తిమా దగ్గర చీకట్లో వందలమంది నిలబడి చేతులూపారు. బండి కూత వేసుకుంటూ వెళ్ళిపోయింది. ఆ తర్వాత చాలాసేపు ఎవరూ కదల్లేదు.

ఆ ఏడాది ఆఖరుకల్లా పట్టాలు చాలావరకు తీసేశారు. స్టేషను ముందర కొంత ముక్క, రెండు ఇనుప వంతెనలు మిగిల్చారు. లైను పోయిన దారి అంతా, దాదాపు 24 కిలోమీటర్లు, ఇప్పుడు నడకదారి. 2022లో స్టేషనుని బాగుచేసి తెరిచారు. పక్కన రైల్వే క్వార్టర్సులో కాఫీ దొరుకుతుంది. స్థలాల బదిలీ మీద పన్ను కట్టాలా వద్దా అన్న తగువు ఒకటి మిగిలితే, దాన్ని అంతర్జాతీయ మధ్యవర్తుల ముందు పెట్టుకున్నారు. 2014లో కట్టక్కర్లేదని తీర్పు వచ్చింది. ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి. యాభై ఏళ్ళు పొరుగువాళ్ళతో గొడవపడి, చివరికి కాగితం మీదే తేల్చుకోవడం చిన్న విషయం కాదు.

ఇక, ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేకపోయానో చెబుతానన్నాను.

ఈ వ్యాసంలో తేదీలన్నీ దొరుకుతాయి. మొదటి బండి ఏ రోజు నడిచిందో, ఆఖరి బండి ఎవరు నడిపారో, ఏ స్థలానికి ఏది బదులో, అన్నీ ఎవరో ఒకరు రాసిపెట్టారు. నాది కాని ఊరి స్టేషను గురించి నేను పేజీలకు పేజీలు రాయగలను. మా నాన్నగారి స్టేషను గురించి కూర్చుంటే ఒక్క తేదీ రాదు. గేజ్ మార్పిడి వచ్చింది, కొత్త లైను కొంచెం పక్కకు జరిగింది, స్టేషను అక్కర్లేకపోయింది. తలుపులు ఎవరో పట్టుకుపోయారు, ఆ తర్వాత పెంకులు, ఆ తర్వాత ఇటుకలు. తప్పు ఎవరిదీ కాదు. బ్రాడ్ గేజ్ కావాలని మేమే ఏళ్ళ తరబడి అడిగాం. వచ్చినప్పుడు సంతోషించాం కూడా. ఒక్క ఫొటో తీయాలని మాత్రం ఎవరికీ తోచలేదు, పక్క క్వార్టర్సులో పుట్టి పెరిగిన నాకు కూడా.

నాన్నగారు 2016లో పోయారు. ఉన్నప్పుడు అడిగి ఉంటే అన్నీ చెప్పేవారు. ఫోన్ చేసినప్పుడల్లా మందులు వేసుకున్నారా, బి.పి. ఎంత ఉంది అని అడిగానే కానీ, రాత్రి డ్యూటీలో రెండు బళ్ళ మధ్య ఏం చేసేవారు అని అడగలేదు. ఆయన టోకెను పట్టుకొని చెయ్యి చాపి నిలబడే ఉన్నారు. అందుకోవాల్సిన నేను బండి వేగం తగ్గించలేదు.

అందుకని మొన్న ఆదివారం బుకిట్ తిమా ప్లాట్‌ఫారం మీద కూర్చొని ఒక నోటుబుక్కు తెరిచాను. నాకు గుర్తున్నవి రాయడం మొదలుపెట్టాను. స్టేషను ముందు రెండు వేపచెట్లు. తాగే నీళ్ళకి మట్టికుండ, మూతమీద సత్తుగ్లాసు. టిక్కెట్ల కిటికీకి నున్నగా అరిగిన చెక్క. పాయింట్స్‌మన్‌ని పేరుతో పిలవడం ఎరగం, మేమందరం బాబాయ్ అనేవాళ్ళం. సాయంత్రం బండికి కూరగాయల తట్టలు దిగేవి. మా అమ్మ బండి కూతని బట్టే అన్నం వార్చేది.

ఇప్పటికి నాలుగు పేజీలయ్యాయి. అమ్మ ఇంకా ఉంది, ఎనభై రెండేళ్ళు. ఈ రాత్రి ఫోన్ చేసి, మందుల సంగతి తర్వాత, ముందు ఆ కూతల సంగతి అడగాలి.